వగరు తగ్గిన రెడ్ వైన్: ద్రాక్ష తొక్క నుంచి ఓరుగల్లు దావత్ దాకా

రెడ్ వైన్ మొదటిసారి తాగినవాళ్లలో చాలామంది మొహం చిట్లిస్తారు. "ఇదేంది, ఇంత వగరుంది" అంటారు. హనుమకొండలోనో కాజీపేటలోనో ఎవరింట్లోనైనా దావత్ ఉన్నప్పుడు, హైదరాబాద్ నుంచి వచ్చిన బంధువు ఒక బాటిల్ పట్టుకొస్తే జరిగేది దాదాపు ఇదే. తియ్యగా ఉంటుందనుకుని ఒక గుక్క తాగుతారు. నాలుక ఎండిపోయినట్టు, చిగుళ్లు పట్టేసినట్టు అవుతుంది. గ్లాసు పక్కన పెట్టేస్తారు. వైన్ మనకు పడదని అక్కడికక్కడే తేల్చేసుకుంటారు.

తాగినవాళ్ల నాలుకలో లోపమేమీ లేదు. వాళ్ల చేతికొచ్చిన బాటిల్ వాళ్లకు సరిపడేది కాదు, అంతే. రెడ్ వైన్లలో కొన్నింటిని ఏళ్ల తరబడి దాచి తాగడానికి చేస్తారు. కొన్నింటిని చేసిన ఏడాది రెండేళ్లలోనే హాయిగా తాగేయడానికి చేస్తారు. ఈ రెండో రకం చవకబారుదనీ, తెలియనివాళ్లు తాగేదనీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. నేను దాన్ని ఒప్పుకోను. వగరు తక్కువగా, పండు రుచి ముందుకొచ్చేలా, నోటికి మెత్తగా ఉండే రెడ్ వైన్ తయారుచేయడం ఒక పనితనం. మన ఎండకు, మన కారానికి సరిపోయేది కూడా అదే. దాన్ని ఎలా చేస్తారో తెలిస్తే, షాపులో ఏ బాటిల్ అడగాలో కూడా తెలుస్తుంది.

ముందు ఆ వగరు సంగతి. నేరేడు పళ్లు నాలుగు తింటే నాలుక ఊదారంగుకు తిరిగి, నోరు పట్టేసినట్టవుతుంది కదా, రెడ్ వైన్‌లో జరిగేది కూడా అదే. ఆ రంగుకు కారణం ఆంథోసయనిన్లు, ఆ పట్టేయడానికి కారణం టానిన్లు. టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. నోటికి జారుడునిచ్చేవి ఆ ప్రొటీన్లే కాబట్టి, అవి తగ్గగానే నాలుకా అంగిలీ ఒకదానికొకటి రాసుకున్నట్టు అనిపిస్తుంది. అంటే వగరు నిజానికి రుచి కంటే స్పర్శకు దగ్గర. చక్కెర వేస్తే అది పూర్తిగా పోకపోవడానికి కారణం ఇదే.

ద్రాక్షలో టానిన్లు ఉండేది తొక్కలో, గింజల్లో, గుత్తి కాడల్లో. గుజ్జులో దాదాపు ఉండవు. నల్ల ద్రాక్షను పిండి వెంటనే తొక్క తీసేస్తే వచ్చే రసానికి రంగు కూడా పెద్దగా ఉండదు. రెడ్ వైన్ ఎర్రగా ఉండాలంటే రసం తొక్కలతో కలిసి పులియాల్సిందే. రంగు కావాలంటే తొక్క కావాలి, తొక్క ఉంటే వగరు వస్తుంది. వైన్ చేసేవాళ్ల అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది.

రంగు, తొక్కలోని మెత్తటి టానిన్లు నీళ్లలోనే సులువుగా దిగుతాయి. గింజల్లోని గరుకు టానిన్లు దిగడానికి ఆల్కహాల్ కావాలి, సమయం కావాలి. పులియడం మొదలైన కొత్తలో ఆల్కహాల్ తక్కువ కాబట్టి రంగు ముందు దిగుతుంది, గింజల వగరు తర్వాత దిగుతుంది. అందుకే తేలిక రెడ్, అంటే తొందరగా తాగేసే రకం చేసేవాళ్లు నాలుగు రోజులకో వారానికో రసాన్ని తొక్కల నుంచి వేరుచేస్తారు. దాచుకునే వైన్ చేసేవాళ్లు రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంచుతారు. పైకి తేలిన తొక్కల పొరను రోజుకు ఎన్నిసార్లు కిందికి నొక్కాలి, తొట్టి ఎంత వేడెక్కేదాకా ఊరుకోవాలి అన్నవి కూడా వగరును పెంచుతాయి, తగ్గిస్తాయి. ఇవన్నీ ఎవరో ఒకరు తొట్టి దగ్గర నిలబడి, రుచి చూసి తీసుకునే నిర్ణయాలు.

పులియడం గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కల్లు పులిసేదీ ఈస్ట్ వల్లే, వైన్ పులిసేదీ ఈస్ట్ వల్లే. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెరను ఈస్ట్ తినేస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ కావాలంటే లీటరుకు 220 గ్రాముల చక్కెర ఉన్న రసం కావాలన్నమాట. షోలాపూర్, సాంగ్లీ వైపు నుంచి లారీల్లో వచ్చి మన బండ్ల మీద అమ్ముడయ్యే ద్రాక్షలో సాధారణంగా అంత తీపి ఉండదు. పైగా అది తినడానికి పెంచింది, పెద్ద కాయ, పల్చటి తొక్క, చాలా రకాల్లో గింజే ఉండదు. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, గింజలుంటాయి. ఇంట్లో బండి ద్రాక్షతో వైన్ చేసి, రంగూ రుచీ రాలేదని బాధపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది.

ఆ చక్కెరంతా దాదాపుగా ఆల్కహాల్‌గా మారిపోతే దాన్ని డ్రై వైన్ అంటారు. తీపి మిగలదు. మన దగ్గర చాలా ఏళ్లుగా రెడ్ వైన్ పేరుతో ఎక్కువగా దొరికింది తియ్యటి పోర్ట్ తరహా వైన్. ఆ తీపిని మనసులో పెట్టుకుని డ్రై వైన్ తాగితే షాక్ తగలడం సహజం.

వైన్‌ను నోటికి మెత్తగా చేసే దారులు ఇంకా ఉన్నాయి. ఈస్ట్ పని అయిపోయాక కొన్ని రకాల బ్యాక్టీరియా రంగంలోకి దిగి, పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పులుపులో పదును తగ్గుతుంది. దాదాపు అన్ని రెడ్ వైన్లలో ఇది జరుగుతుంది. కొత్త ఓక్ పీపాల్లో పెడితే చెక్క నుంచి మరికొన్ని టానిన్లు, వెనిల్లా లాంటి వాసన వస్తాయి. తేలిక రెడ్‌ను అందుకే ఎక్కువగా స్టీలు తొట్లలోనో సిమెంటు తొట్లలోనో ఉంచుతారు.

ఈ విషయంలో ప్రపంచమంతా చూసేది ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతం వైపు. లియోన్ నగరానికి ఉత్తరాన ఉన్న ఆ కొండల్లో పండేది గమే అనే నల్ల ద్రాక్ష. తొక్క పల్చన, పులుపు బాగా ఉంటుంది, టానిన్లు తక్కువ. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఈ తీగ పనికిరాదని చెప్పి, తన ప్రాంతంలో గమే తోటలు పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అక్కడ చోటు పోయిన గమే, దక్షిణాన బోజొలేలోని గ్రానైట్ నేలల్లో స్థిరపడింది. (గ్రానైట్ అంటే మనకు కొత్తేం కాదు. ఓరుగల్లు కోటలోని ఏకశిల గుట్ట మొత్తం అదే రాయి.) గ్రానైట్ నేలలో నీరు నిలవదు, సారం తక్కువ. గమేకు వదిలేస్తే విపరీతంగా కాసే గుణం ఉంది. అలాంటి నేల దాని దూకుడును కొంత అదుపులో పెడుతుంది.

అక్కడివాళ్లు ద్రాక్షను చితక్కొట్టకుండా, గుత్తులను గుత్తులుగానే తొట్టిలో వేస్తారు. అడుగున ఉన్న కాయలు పైబరువుకు చితికి పులియడం మొదలవుతుంది. అందులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ తొట్టంతా నిండుతుంది. గాలి లేని ఆ స్థితిలో పైన ఉన్న కాయలు చితకకుండానే, తమ లోపలి ఎంజైముల వల్ల లోలోపలే మారడం మొదలుపెడతాయి. కాయలోపలే కొంచెం ఆల్కహాల్ పుడుతుంది, మాలిక్ ఆమ్లం బాగా తగ్గుతుంది, తొక్కలోని రంగు గుజ్జులోకి దిగుతుంది. కాయ పగలదు కాబట్టి గింజల వగరు రసంలోకి పెద్దగా రాదు. కొన్ని రోజుల తర్వాత పిండి, మిగతా పులియడం మామూలుగా పూర్తిచేస్తారు. స్ట్రాబెర్రీ, అరటిపండు గుర్తొచ్చే వాసనలు ఇలా పుట్టినవే. తొట్టిని ముందే కార్బన్ డయాక్సైడ్‌తో నింపి, మూతపెట్టి ఇదే పని పూర్తిస్థాయిలో చేసే పద్ధతిని కార్బోనిక్ మెసరేషన్ అంటారు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిషెల్ ఫ్లాంజీ 1930లలో దానిమీద పనిచేశాడు. రంగు తీసుకుని వగరును వదిలేయడానికి నాకు తెలిసి ఇంతకన్నా తెలివైన ఉపాయం లేదు.

బోజొలేలోని మోర్గాన్ దగ్గర లపియర్ కుటుంబం కథ ఇక్కడ చెప్పుకోవాలి. మార్సెల్ లపియర్ 1970లలో తండ్రి నుంచి తోట అందుకున్నాడు. అప్పట్లో ఆ ప్రాంతమంతా తొందరగా చేసి, తొందరగా అమ్మే వైన్ వైపు పరుగెడుతోంది. ప్రతి నవంబరు మూడో గురువారం విడుదలయ్యే బోజొలే నూవో అలాంటిదే. కొన్నాళ్లకు మార్సెల్‌కు జూల్ షొవే పరిచయమయ్యాడు. షొవే వైన్ వ్యాపారి, రసాయనశాస్త్రం బాగా తెలిసినవాడు. ఆయన ప్రభావంతో మార్సెల్ రసాయన ఎరువులు, కలుపుమందులు మానేశాడు. ప్యాకెట్ ఈస్ట్ బదులు తోటలోని ఈస్ట్‌నే నమ్ముకున్నాడు, వైన్ పాడవకుండా వేసే సల్ఫర్‌ను వీలైనంత తగ్గించాడు. 2010లో ఆయన చనిపోయాక పిల్లలు మాత్యూ, కమీల్ ఆ పని కొనసాగిస్తున్నారు. వాళ్ల పెద్ద వైన్ మోర్గాన్. దాంతోపాటు రెజాన్ గోల్వా అనే సాదాసీదా గమే వైన్ కూడా చేస్తారు. పెద్ద పేరున్న ఇల్లు, రోజూ తాగే వైన్‌ను కూడా అంతే శ్రద్ధతో చేయడం నాకు చాలా గౌరవం కలిగించే విషయం.

చిన్న కుటుంబాలకు ఇలాంటి వైన్ అవసరం కూడా. పీపాల్లో పెట్టే వైన్ మీద డబ్బు రెండు మూడేళ్లు ఇరుక్కుపోతుంది. కూలీలకు, సీసాలకు, కరెంటుకు డబ్బు ఈ ఏడాదే కావాలి. పంట వచ్చిన కొన్ని నెలల్లో అమ్ముడయ్యే తేలిక రెడ్డే ఆ ఇంటిని నడుపుతుంది. కుర్ర తీగల కాయ తరచూ ఇందులోకే వెళ్తుంది. అందుకే ఒక వైనరీ పనితనం తెలుసుకోవాలంటే నేను వాళ్ల ఖరీదైన బాటిల్ కన్నా ముందు ఈ బాటిల్‌నే చూడమంటాను. ఓక్ వాసన చాటున దాక్కోవడానికి ఇందులో వీలుండదు. కాయ బాగుంటే బాగుంటుంది, లేకపోతే వెంటనే దొరికిపోతుంది.

కుటుంబం పేరు ఉంటే చాలు, వైన్ మంచిదే అని కూడా అనుకోకూడదు. కుటుంబం నడిపితే కోత ఏ రోజు కోయాలో, ఏ తొట్టి పక్కన పెట్టాలో నిర్ణయించేవాళ్లు తోటలోనే ఉంటారు. లాభం అంతవరకే. శుభ్రంగా చేయని చిన్న వైనరీలూ ఉంటాయి, చక్కటి తేలిక రెడ్ చేసే పెద్ద కంపెనీలూ ఉంటాయి.

మన దేశం సంగతికొస్తే, కన్వల్ గ్రోవర్ 1988లో బెంగళూరు దగ్గర నంది హిల్స్ కింద ఫ్రెంచ్ ద్రాక్ష రకాలతో తోటలు మొదలుపెట్టారు. అది చాలాకాలం కుటుంబ సంస్థ. 2012లో నాసిక్ వైపు వైనరీతో కలిసి గ్రోవర్ జంపా అయింది. రాజీవ్ సామంత్ 1999లో నాసిక్‌లో సూలా ప్రారంభించారు. ఇప్పుడది స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లోని ఫ్రటెల్లి, 2007లో రెండు భారతీయ కుటుంబాలు, ఒక ఇటాలియన్ కుటుంబం కలిసి మొదలుపెట్టినది. ఇటలీలోని టస్కనీ ప్రాంతపు సాంజొవేసే ద్రాక్షకు మన దగ్గర పేరు తెచ్చినవాళ్లలో వాళ్లు ముందుంటారు. మనవాళ్లకు మరీ దగ్గరైనది కృష్మా. గ్రాన్యూల్స్ ఇండియా అనే మందుల కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ హంపి కొండల్లో పెట్టిన తోట అది. ఇద్దరి పేర్లూ కలిపితే వచ్చిన పేరు. కేబర్నే సావిన్యోన్, సాంజొవేసే లాంటి రకాలు పండిస్తారు. అక్కడా నేల నిండా గ్రానైట్ బండలే.

మన వాతావరణంలో తేలిక రెడ్ చేయడం ఫ్రాన్స్ కన్నా కష్టం. ఇక్కడ తీగ చలికి నిద్రపోదు. కాబట్టి ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. ఒకటి పంట తర్వాత వేసవిలో, ఇంకొకటి సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో. కోత జనవరి నుంచి మార్చి దాకా. కాయ పండేటప్పుడు ఎండ ముదిరితే చక్కెర గబగబా పెరుగుతుంది, పులుపు పడిపోతుంది, గింజలు మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటాయి. అప్పుడు కోస్తే వగరు, ఆగితే ఆల్కహాల్ ఘాటు. ఎత్తైన చోట్ల రాత్రిళ్లు చల్లబడి పులుపు నిలుస్తుంది. నాసిక్ సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. నంది హిల్స్ వైపు ఇంకా ఎక్కువ. వరంగల్ ఎత్తు 300 మీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ పత్తి, మిర్చి బాగా పండుతాయి గానీ మంచి వైన్ ద్రాక్షకు కావలసిన చల్లటి రాత్రులు తక్కువ.

మరి ఆ కుటుంబాల బాటిళ్లు హనుమకొండ షాపుల్లో ఎందుకు కనిపించవు? మద్యం రాష్ట్రాల పరిధిలోని విషయం. జీఎస్టీలో లేదు. వైన్ చేసేవాళ్లు ప్రతి రాష్ట్రంలో విడిగా లేబుల్ నమోదు చేయించుకోవాలి, ఫీజు కట్టాలి. మహారాష్ట్ర 2001లోనే ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి తన వైనరీలకు ఊతమిచ్చింది. మన దగ్గర హోల్‌సేల్ అంతా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంటుంది. రిటైల్ షాపులు లాటరీలో వస్తాయి, లైసెన్సు గడువు రెండేళ్లు. అంత ఫీజు కట్టి షాపు తెచ్చుకున్న వ్యాపారి, రోజూ పెట్టెలు పెట్టెలుగా పోయే బీరు, విస్కీకే ర్యాకులు ఇస్తాడు. వారానికి రెండు బాటిళ్లు కూడా పోని వైన్‌ను ఎందుకు నింపుకుంటాడు? ఏడాదికి కొన్ని వేల సీసాలు చేసే కుటుంబానికి ఫీజు కూడా గిట్టదు. ఫలితంగా దొరికేవి నాలుగైదు పెద్ద బ్రాండ్లు. వాటిలోనూ మెత్తటి రెడ్ దొరుకుతుంది. వగరు ఎక్కువుండే కేబర్నే బదులు, మెత్తగా ఉండే మెర్లో ద్రాక్ష వైన్ అడగండి. లేదంటే లేబుల్ వెనక ఓక్, రిజర్వ్ అన్న మాటలు లేని షిరాజ్ చూడండి. పాత సంవత్సరం ఉంటే గొప్పదనుకోవద్దు. ఈ రకం వైన్‌కు వీలైనంత కొత్త సంవత్సరమే మంచిది.

షాపులో చూడాల్సింది ఇంకొకటుంది. మే నెలలో వరంగల్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల గోదాములో వారాలపాటు ఉన్న వైన్ ఉడికినట్టవుతుంది, పండు రుచి పోతుంది. బిరడా కొంచెం పైకి తన్నుకొచ్చినా, మూత చుట్టూ జిగురు కనిపించినా ఆ బాటిల్ వదిలేయండి. స్క్రూ మూత ఉంటే చిన్నచూపు వద్దు, తొందరగా తాగే వైన్‌కు అదే నయం.

రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట మనల్ని బాగా తప్పుదారి పట్టించింది. అది హీటర్లు లేని పాత యూరప్ ఇళ్ల గది, 16 నుంచి 18 డిగ్రీలు. మన గదిలో 34 డిగ్రీల దగ్గర అదే వైన్ తాగితే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది, పండు వాసన కనిపించదు. తేలిక రెడ్‌కు 13, 14 డిగ్రీలు చక్కగా ఉంటాయి. ఎండాకాలం ఫ్రిజ్‌లో గంటకు పైగా పెట్టి తీయండి. మరీ చల్లబడితే మాత్రం మళ్లీ వగరు పైకి తేలుతుంది. అప్పుడు గ్లాసులో పోసి పది నిమిషాలు ఆగితే చాలు.

ఇక చుక్కా ముక్కా కలిసే చోటు. మన కూరల్లో కారం, పులుపు రెండూ గట్టివే. మిరపకాయలోని క్యాప్సైసిన్ మంటను ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది. టానిన్లు ఆ మండే నాలుకను మరింత గరుకుగా చేస్తాయి. 14.5 శాతం ఆల్కహాల్, బోలెడు ఓక్ ఉన్న కేబర్నేను నాటుకోడి కూరతో తాగితే రెండూ పాడైపోతాయి. అదే 12.5, 13 శాతం ఉన్న చల్లటి తేలిక రెడ్ అయితే మంటను రెచ్చగొట్టదు, పండు రుచి మసాలాకు జతవుతుంది. చింతపండు పడిన కూరలకు వైన్‌లో కూడా పులుపుండాలి. లేకపోతే వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. గమే, సాంజొవేసే ఇక్కడ పనికొస్తాయి. వేపుడు మటన్, సర్వపిండి, పల్లీలు, మక్కగారెలతో నిశ్చింతగా తాగొచ్చు. కొవ్వూ ప్రొటీన్లూ ఉన్న తిండి పక్కన ఉంటే మిగిలిన కాస్త వగరు కూడా తగ్గుతుంది. చేపల పులుసుతో మాత్రం నేను రెడ్ వద్దంటాను. చేపలోని కొవ్వుతో రెడ్ వైన్‌లోని ఇనుము కలిస్తే నీచు వాసన రెట్టింపవుతుంది.

తేలికగా తాగొచ్చు అంటే తేలికపాటి మత్తు అని కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మెత్తగా ఉండే వైన్ గ్లాసు తర్వాత గ్లాసు దిగిపోతుంది. 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో 13 శాతం అంటే సుమారు 97 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 42.8 శాతం ఉన్న క్వార్టర్ విస్కీలో ఉండేది 77. ఒక్కరే బాటిల్ ఖాళీ చేస్తే క్వార్టర్ కన్నా ఎక్కువ తాగినట్టే. రెడ్ వైన్ గుండెకు మంచిదన్న ప్రచారం 1991లో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి ఫ్రెంచివాళ్ల గుండె ఆరోగ్యం గురించి చెప్పినప్పటి నుంచి ఊపందుకుంది. గుండెకు మేలు చేస్తుందని చెప్పే రెస్వెరట్రాల్ అనే పదార్థం ద్రాక్ష తొక్కలో ఉంటుంది గానీ, వైన్‌లో ఉండేది చాలా కొద్దిగా. ఆల్కహాల్ ఎంత తాగినా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటి జాబితాలో ఆల్కహాల్ ఉంది. ఇష్టంతో తాగేవాళ్లు రుచి కోసం, కొంచెంగా తాగాలి. ఔషధం అనుకుని తాగాల్సిన పని లేదు. తాగనివాళ్లకు మొదలుపెట్టమని ఎవరూ చెప్పకూడదు. ఇక 21 ఏళ్లు నిండనివాళ్లకు తెలంగాణలో చట్టమే ఒప్పుకోదు.

నలుగురైదుగురు కలిసి ఒక బాటిల్ పంచుకుంటే తలా 150 నుంచి 190 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. తేలిక రెడ్‌లో టానిన్లు తక్కువ కాబట్టి గాలిని తట్టుకునే శక్తి కూడా తక్కువ. రెండు రోజులు, మహా అయితే మూడు. నాలుగో రోజుకు పండు వాసన పోయి వెనిగర్ వైపు జరుగుతుంది. అప్పుడు దాన్ని మటన్ నానబెట్టేటప్పుడు అల్లం వెల్లుల్లితో పాటు వేసేయొచ్చు.